ఉత్తరమునకు నకలు: ఈ-మెయిళ్ళ ప్రతులు మనయొద్ద నుండవలెనా?

(సూరతు నగరమున కేంద్రప్రభుత్వోద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలలో సాహిత్యమును గూర్చిన ప్రసంగములతోపాటు నిత్యజీవనమునకు పనికివచ్చు విషయము నొకదానిని గూర్చియు మాటలాడుట మంచి యాచారము. నే నెన్నుకొన్న విషయము పైకి చాల చిన్నది. మనమందరము దినమునకు పదిసార్లు తెరచి మూయు ఈ-మెయిలు ప్రోగ్రాము, మనకు వచ్చిన ఉత్తరముల ప్రతులను మన కంప్యూటరులో కూడ దాచవలెనా? లేక దూరముననున్న సర్వరులో నున్నవి చాలునని యూరకుండవచ్చునా? ఇదియే ప్రశ్న.

ఇది ఇంజనీర్లు తేల్చుకొనవలసిన సంగతి గదా, మనకేల యని కొంద రనుకొనవచ్చును. కాని ఉత్తరము పోయినప్పుడు నష్టపోవువాడు ఇంజనీరు కాడు. బదిలీ యుత్తరువుకొరకో, వైద్యపు ఖర్చుల మంజూరు కొరకో, కాలముచేసిన తండ్రి పండుగనాడు వ్రాసిన నాలుగు మాటల కొరకో వెదకుకొనువారము మనమే. కావున ఈ ప్రశ్నను మనమే విచారించుకొనుట న్యాయము.

దీనికి సమాధానము వెదకుటకు దూరదేశములకు పోనక్కరలేదు. మనము నివసించుచున్న ఈ సూరతు నగరమే నాలుగువందల యేండ్ల క్రితము దీనిని ఎదుర్కొన్నది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611లో మన మచిలీపట్టణమున వర్తకపు కోఠీ పెట్టిరి. 1612లో ఇచ్చటికి దగ్గరనే యున్న సువాలీ రేవునొద్ద పోర్చుగీసువారితో పోరాడి, జహంగీరు పాదుషా అనుమతి పొంది, 1613 నాటికి సూరతున స్థిరపడిరి. 1687లో ప్రధానస్థానము బొంబాయికి మారువరకును పడమటి తీరమున వారి వ్యవహారమంతయు ఈ యూరినుండియే నడచెను.

ఆ కాలమున సూరతునుండి లండనుకు ఉత్తరము చేరుటకు ఇంచుమించు ఆరేడు మాసములు పట్టెడిది. బదులు వచ్చుసరికి ఏడాది దాటెడిది. త్రోవలో తుపానులు, ఓడదొంగలు, శత్రువుల ఫిరంగులు ఉండెడివి. ఒక్క ఓడ మునిగినచో ఏడాది లెక్కలన్నియు మునిగినట్లే. అందుచేత వారొక పద్ధతి నవలంబించిరి. ముఖ్యమైన ఉత్తరమునకు రెండు మూడు ప్రతులు వ్రాయించి, వేర్వేరు ఓడలలో పంపుచుండిరి. ఒక్కొక్కప్పుడు ఇంకొక ప్రతిని పారసీకము మీదుగా మెట్టదారిని పంపుచుండిరి. అంతటితో నాగక, పంపిన ఉత్తరమును కోఠీలోని నకళ్ళ పుస్తకములో ఎక్కించి, ఆ పుస్తకమును కోఠీలోనే భద్రపరచుచుండిరి. మచిలీపట్టణపు కోఠీకిని సూరతు కోఠీకిని నడుమ ఉత్తరములను మోసికొనిపోయిన కాలినడక టపావారిని నమ్ముకొని కూడ వారు నకలు వ్రాయుట మానలేదు.

దీని ఫలము తరువాతి తరములవారికి దక్కినది. విలియం ఫాస్టరు అను పండితుడు 1618 మొదలు 1669 వరకుగల కోఠీల ఉత్తరప్రత్యుత్తరములను సంగ్రహించి, 1906 మొదలు 1927 వరకు పదుమూడు సంపుటములుగా ప్రకటించెను. సూరతు పుస్తకములలో కొన్ని కాలగర్భమున కలసినవి. అయినను ఇచ్చట లోపించినదానిని లండనుకు చేరిన ప్రతివలనను, అచ్చట లోపించినదానిని ఇచ్చటి నకలువలనను తెలిసికొను వీలు కలిగినది. పదునేడవ శతాబ్దపు సూరతును గూర్చియు, మచిలీపట్టణపు కలంకారీ వర్తకమును గూర్చియు నేడు మన మెరిగినదానిలో చాల భాగము ఆ నకలు వ్రాసిన గుమాస్తాల చలువయే.

ఈ నకళ్ళ పుస్తకమునకు రెండు గుణములు కలవు. వానిని మీరు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. నా ప్రసంగమంతయు వానిమీదనే నిలుచును. మొదటి గుణము: లండనులోని డైరెక్టరు తనకు వచ్చిన ఉత్తరమును చింపివేసినను, సూరతు పుస్తకములోని నకలు చిరిగిపోదు. ఒకచోట జరిగిన పొరపాటు రెండవచోటికి ప్రాకదు. రెండవ గుణము: నకలు వ్రాసినవాడు గుమాస్తా, కాని నకలు కోఠీది. గుమాస్తా మారిపోయినను పుస్తకము తన చోటనే యుండును.

మన భాషకును ఇటువంటి యుపకారము జరిగినది. 1820లో కడపకు వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర తాళపత్ర గ్రంథములను సేకరించి, పండితులకును వ్రాయసగాండ్రకును తన సొమ్ముతో జీతములిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు అనేక ప్రతులను పోల్చి, కాగితముపై మేలుప్రతులు వ్రాయించెను. చెదలు ఒక యింటిలోని తాటాకులను తినివేసినను, వేరొక చోట నున్న ప్రతినుండి పద్యము బ్రతికి బయటపడినది. ఆ ప్రతులలో ననేకము నేడు చెన్నపట్టణమున ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున నున్నవి. గ్రంథము బ్రతుకుటకు దాని గొప్పదనము మాత్రమే చాలదు. రెండవ ప్రతి యుండవలెను.

ఇక మన యాఫీసుల సంగతికి వత్తము. టైపు యంత్రముల కాలమున పనిచేసిన పెద్దలు ఈ సభలో కలరు. ఉత్తరము టైపు చేయునప్పుడు క్రింద కార్బను కాగితము పెట్టుటయు, ఆ క్రింది ప్రతిపై పొడి సంతకము చేయించి ఫైలులో కుట్టుటయు వారెరుగుదురు. దానినే ఆఫీసు కాపీ యందుము. నేటి ఈ-మెయిలులో ‘సి.సి.’ యని వ్రాయు రెండక్షరములు ఆ కార్బను కాపీ పేరే. పేరు మిగిలినది, కాగితము పోయినది. ఆ కాగితముతోపాటు అలవాటు కూడ పోయినదా యనునది మన ప్రశ్న.

ఈ-మెయిలు నడచు విధమును కొంచెము వివరింతును. ఒక కంప్యూటరునుండి వేరొక కంప్యూటరునకు ఇట్టి సందేశమును రే టామ్లిన్సన్ అను అమెరికా ఇంజనీరు 1971లో పంపెను. మన దేశమున ఇంటర్నెట్టు సామాన్యులకు అందినది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ వారిద్వారా. ఆ దినములలో టెలిఫోను తీగమీదనే ఇంటర్నెట్టు. నిమిషములను లెక్కపెట్టుకొని వాడవలెను. సర్వరులో మనకిచ్చిన చోటు బహు స్వల్పము. అందుచేత పాప్ అను పద్ధతి వాడుకలో నుండెను. అనగా ప్రోగ్రాము సర్వరును పిలిచి, ఉత్తరములను మన కంప్యూటరునకు దింపి, సాధారణముగా అచ్చట తుడిచివేసెడిది. టపా మనిషి ఉత్తరము నింట పడవేసి పోయినట్లే. అప్పుడు ఇంటనున్నదే యేకైక ప్రతి. కంప్యూటరు చెడినచో ఉత్తరము లన్నియు చెడినట్లే.

దీనికి మారుగా ఐమాప్ అను వేరొక పద్ధతిని మార్క్ క్రిస్పిన్ అనునతడు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున 1986లో రూపొందించెను. దీనియందు ఉత్తరము సర్వరులోనే యుండును. మన ప్రోగ్రాము దానిని చూపును. 2004 ఏప్రిల్ 1న గూగుల్ వారు జీమెయిలును ప్రారంభించి ఒక్కొక్కరికి ఒక గిగాబైటు చోటిచ్చిరి. అంతకు ముందు రెండు నాలుగు మెగాబైట్లతో సరిపెట్టుకొన్న జనులకు అది సముద్రమువలె తోచెను. చేతిఫోనులు వచ్చిన తరువాత ఒకే ఉత్తరమును ఆఫీసులోను, ఇంటిలోను, రైలులోను చూచుట అవసరమయ్యెను. అందుచేత సర్వరే యిల్లు, మన కంప్యూటరు కిటికీ మాత్రమే యను భావము స్థిరపడినది.

కిటికీ చాలును, ఇంట ప్రతి యక్కరలేదను వారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. దానిని న్యాయముగా వినవలెను.

వారి మొదటి మాట: ఇంటనున్న ప్రతిని దొంగ యెత్తుకొనిపోవును. ల్యాప్‌టాపు రైలులో పోయినచో దానిలోని పదేండ్ల ఉత్తరములు పరుల పాలగును. ఇది నిజము. రెండవ మాట: ఇంటి యంత్రము చెడును. అవుట్‌లుక్ ప్రోగ్రాము పాత రూపములలో ఉత్తరములన్నియు ఒకే ఫైలులో పెట్టెడిది. ఆ ఫైలు రెండు గిగాబైట్లకు చేరినంతనే పనిచేయుట మానెడిది. ఒక్క పెట్టె, ఒక్క తాళము. పాడైనచో అన్నియు పాడే. ఇదియు నిజము.

మూడవ మాటను మనము సూరతువారమై చక్కగా గ్రహింపగలము. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి తాపీనదిలోనికి నీరు విడువబడి, నగరములో అధికభాగము మునిగెను. రాందేరు, అడాజణ ప్రాంతములలో క్రింది అంతస్తులు నీటిపాలయ్యెను. ఆ నీటిలో తడిసిన కంప్యూటరుకును, తడిసిన కాగితపు ఫైలుకును భేదము లేదు. ఇంటిప్రతి నొక్కదానినే నమ్ముకొన్నవానికి ఏమి మిగులును? ఎక్కడో ఎత్తైన చోట, కాపలాతో, విద్యుత్తుతో నడచు సర్వరులో నున్న యుత్తరమునకు తాపీవరద యంటదు గదా యని వా రడుగుదురు.

ఈ మూడు మాటలును సత్యములే. కాని ఇవి ఇంటి ప్రతి యొక్కటియే యుండరాదని నిరూపించుచున్నవి గాని, ఇంట ప్రతి యుండరాదని నిరూపించుట లేదు. సువాలీ రేవున ఓడ మునుగునని భయపడినవాడు ఓడలో ఉత్తరము పంపుట మానలేదు. రెండవ ఓడలో రెండవ ప్రతిని పంపెను.

మఱి సర్వరు మునుగదా? అదియు మునుగును, నీటిలో కాదు. 2011 ఫిబ్రవరి 27న జీమెయిలు వాడువారిలో నూటికి 0.02 వంతు జనుల పెట్టెలు హఠాత్తుగా ఖాళీగా కనబడెను. గూగుల్ వంటి సంస్థ ఒక ఉత్తరమునకు అనేక నగరములలో అనేక ప్రతు లుంచును. అయినను ఆ ప్రతులన్నియు ఒకేసారి ఎట్లు పోయెను? ప్రోగ్రాములో నొక లోపము అనేక ప్రతులను ఒకేసారి దెబ్బతీసినది.  చివరకు ఆ యుత్తరములను తిరిగి యిచ్చినవి అయస్కాంతపు టేపులు. తీగలతో కలుపబడక బీరువాలో నున్న పాతకాలపు టేపులు! లోపము వానిని చేరలేకపోయెను గనుకనే అవి దక్కినవి.

ఇచ్చట మనము అద్దమునకును నకలునకును గల భేదమును గుర్తింపవలెను. అద్దము ముందు మనిషి నిలిచినంతవరకే అందు బొమ్మ యుండును. మనిషి తొలగినంతనే బొమ్మ తొలగును. నకలు అట్టిది కాదు. అసలు చినిగినను అది నిలుచును. నేటి ఈ-మెయిలు ప్రోగ్రాములలో ననేకము ఇంట ప్రతి నుంచుచున్నామని చెప్పుచు, నిజమున కొక యద్దమును మాత్రమే యుంచుచున్నవి. ఐమాప్ పద్ధతిలో సర్వరులోని యుత్తరము తుడిచివేయబడినచో, ప్రోగ్రాము మరల సర్వరుతో కలిసినప్పుడు మన కంప్యూటరులోని యుత్తరమును గూడ తుడిచివేయును. చేతిఫోనులో బిడ్డ యాడుకొనుచు తుడిచినను అంతియే. అవుట్‌లుక్‌లో ఈ భేదమునకు రెండు వేర్వేరు ఫైళ్ళే కలవు: ఓ.ఎస్.టి. యనునది సర్వరును అనుసరించు అద్దము, పి.ఎస్.టి. యనునది విడిగా నిలుచు నకలు. థండర్‌బర్డు ప్రోగ్రాములోను ఖాతాలోని ఉత్తరములు అద్దమువంటివి. వానిని ‘లోకల్ ఫోల్డర్సు’ అను అరలోనికి నకలు చేసిన తరువాతనే అవి నిజముగా మనవగును. ఈ భేదము తెలియకనే చాలమంది తమయొద్ద ప్రతి యున్నదని ధైర్యముగా నున్నారు.

కావున నా యభిప్రాయమును స్పష్టముగా చెప్పుచున్నాను. ఈ-మెయిలు ప్రోగ్రాము ఇంట ప్రతిని తప్పక యుంచవలెను. కాని అది అద్దము కారాదు, నకలు కావలెను. సర్వరులో జరిగిన తప్పు దానిని చేరరాదు. దానికి జరిగిన కీడు సర్వరును చేరరాదు. రెండు ప్రతులు రెండు చోట్ల నుండుట మాత్రమే చాలదు. రెండు చేతులలో నుండవలెను.

సూరతు కోఠీ ఉత్తరముల విషయముననే దీనికి మరియొక సాక్ష్యము కలదు. ఆ రికార్డులు నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. 2023 అక్టోబరులో దుండగులు ఆ గ్రంథాలయపు కంప్యూటర్లపై దాడిచేసి, వానిని పనికిరాకుండ చేసి, సొమ్ము కోరిరి. గ్రంథసూచిక మరల ఇంటర్నెట్టులో కనబడుట 2024 జనవరిలో గాని కాలేదు. అది కూడ కొంతమేరకే. కాని కాగితముపైనున్న రికార్డులకు ఆ దుండగులవలన ఏ హానియు కలుగలేదు. వా రెంత నేర్పరులైనను తీగలు లేని కాగితమును తాకలేరు గదా! అంతటి సంస్థకే సర్వరు మాసములతరబడి అందకపోవచ్చుననుటకు ఇది చాలును.

ఇక ఆఫీసు ఉత్తరముల సంగతి. ఇచ్చట మన నకళ్ళ పుస్తకపు రెండవ గుణము అక్కరకు వచ్చును: నకలు గుమాస్తాది కాదు, కోఠీది. ఇంతవరకు నేను చెప్పినది విని, రేపే ఆఫీసు ఉత్తరములన్నియు ఇంటి కంప్యూటరులోనికి దింపుకొందమని ఎవరైన అనుకొన్నచో, అది గొప్ప పొరపాటగును. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టము, కంప్యూటరు వలన పుట్టినదానిని గూడ ప్రభుత్వ రికార్డుగానే లెక్కించినది. దానిని అనుమతి లేక దేశము దాటించుటయు, నియమములకు విరుద్ధముగా నాశనము చేయుటయు శిక్షార్హములు. ఐదేండ్లవరకు ఖైదు, పదివేల రూపాయలవరకు జుల్మానా, లేక రెండును. విదేశములలో నెక్కడో సర్వరున్న స్వంత ఖాతాకు ఆఫీసు ఉత్తరమును పంపుకొనునతడు తెలియకయే ఈ చట్టపు టంచున నడచుచున్నాడు. కాగితపు ఫైలును సంచిలో పెట్టుకొని ఇంటికి తీసికొనిపోవుట తప్పని యెరిగిన మనము, కంప్యూటరు ఉత్తరము విషయమున మాత్రము ఆ మర్యాదను మరువరాదు.

అయినచో ఆఫీసు ఉత్తరమునకు నకలు వలదా? వలయును, కాని అది ఆఫీసు రికార్డులో నుండవలెను. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములోని ఏడవ సెక్షను ఈ విషయమున మంచి కొలబద్ద నిచ్చినది. ఎలక్ట్రానిక్ రికార్డును భద్రపరచుటయనగా: అది తరువాత చూచుకొనుటకు వీలుగా నుండవలెను, పుట్టిన రూపములోనో, దానిని యథాతథముగా చూపు రూపములోనో యుండవలెను, ఎవరినుండి యెవరికి పోయినదియు, ఏ తేదీన ఏ వేళకు పంపబడినదియు చేరినదియు తెలియవలెను. దీనిని బట్టి తెరను ఫోనుతో ఫోటో తీసి యుంచుకొనుట నకలు కాదని తేలుచున్నది. దానిలో ఉత్తరము ముఖము కనబడును గాని పోస్టు ముద్ర కనబడదు. ముఖ్యమైన ఈ-మెయిలును తన మూలరూపముతో ఈ-ఆఫీసు ఫైలులో చేర్చి, దానిమీద నోటు వ్రాసినప్పుడే అది నేటి ఆఫీసు కాపీ యగును.

ఈ పని వాయిదా వేయదగినది కాదు. కేంద్రప్రభుత్వపు ఈ-మెయిలు ఖాతాలు సుమారు పండ్రెండు లక్షలు జోహో అను మన దేశీయ సంస్థ వేదికమీదికి మారినవని 2025లో పత్రికలు తెలిపినవి. స్వదేశీ సంస్థకు ఈ భారము దక్కుట సంతోషింపదగినదే. కాని ఇల్లు మారినప్పుడు గృహిణి సామానుల జాబితా వ్రాసికొనదా? సర్వరు మారుట సర్వసాధారణము. ఇంకను మారుచునే యుండును. అట్లే ఉద్యోగియు మారును. హోదాతోనున్న చిరునామా తరువాత వచ్చిన అధికారికి చెందును. ఫైలు కెక్కని యుత్తరము పాత అధికారి మరపులోను, కొత్త అధికారి తెలియమిలోను కలసిపోవును. అటుపై సమాచారహక్కు చట్టము క్రింద పౌరుడెవరైన అడిగినప్పుడు, నిజముగా జరిగిన పనికి సాక్ష్యము లేక, నిజాయతీపరుడే తలవంచుకొనవలసి వచ్చును. నకలు అధికారికి బరువు కాదు, రక్షణ.

పై మాటలకు ఒక యంచు గీయవలసియున్నది. మన జీతము, సెలవు, భవిష్యనిధి, వైద్యపు ఖర్చులు, పింఛనులను గూర్చి ఆఫీసు మనకు వ్రాసిన యుత్తరములు మనకు చెందినవి. వాని ప్రతులను నియమములు అనుమతించినంతవరకు మనయొద్ద నుంచుకొనుట మన ధర్మము. పదవీవిరమణదినమున పూలదండతోపాటు ఇంటికి తెచ్చుకొనవలసినది ఆ కాగితముల కట్టయే. దానికొరకు ఆ దినమువరకు వేచియుండుట మంచిది కాదు.

ఇప్పుడు ఇంటి సంగతి. ఈ సభలోని తల్లులు, అక్కచెల్లెండ్రు దీనిని ప్రత్యేకముగా వినవలెనని కోరుచున్నాను. రెండేండ్లపాటు ఎవరును తెరవని స్వంత ఖాతాను తీసివేయవచ్చునని గూగుల్ వారు 2023లో ప్రకటించి, ఆ సంవత్సరము డిసెంబరునుండి అమలుచేయుచున్నారు. దీని యర్థమేమి? ఇంటి పెద్ద గతించినప్పుడు ఆయన ఖాతాను ఎవరును తెరువరు. రెండేండ్లు గడచును. బిడ్డలకు వ్రాసిన యుత్తరములు, భీమా కాగితములు, స్థలము కొన్న రసీదులు, పెండ్లి ఫోటోలు, అన్నియు చడీచప్పుడు లేక పోవచ్చును. పెట్టెలో దాచిన కార్డులను, ఇన్‌లాండు కవర్లను మన అమ్మమ్మలు ఇనుపతీగకు గ్రుచ్చి దూలమునకు వ్రేలగట్టుచుండిరి. ఆ తీగకు తాళపుచెవి యక్కరలేదు, పాస్‌వర్డక్కరలేదు. నేడు మన యిండ్లలో ఆ తీగ లేదు. దానిని మరల కట్టవలెను.

కట్టుట కష్టము కాదు. జీమెయిలు వాడువారు గూగుల్ వారి టేకౌట్ అను వసతిద్వారా ఉత్తరములన్నిటిని ఒక ఫైలుగా దింపుకొనవచ్చును. దానిని ఎం-బాక్స్ ఫైలందురు. అది ఏ యొక్క కంపెనీ సొత్తును కాని తెరచిన రూపము. థండర్‌బర్డువంటి ప్రోగ్రాములు ఉత్తరములను దాచునదియు ఈ రూపముననే. ఏ రూపములో దాచితిమను ప్రశ్న తెలుగువారికి మరింత ముఖ్యము. ఇరువది ముప్పది యేండ్లక్రితము మనవారు తెలుగు ఈ-మెయిళ్ళను రెండు విధముల వ్రాసెడివారు. కొందరు అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయపు తెలుగు విద్యార్థులు కల్పించిన పద్ధతిలో ఇంగ్లీషు అక్షరములతో తెలుగును వ్రాసిరి. అవి కంటికి ముచ్చటగా లేకున్నను, ఏ కంప్యూటరులోనైనను నేటికిని చదువవచ్చును. కొందరు ఒక్కొక్క కంపెనీ యమ్మిన అందమైన ఫాంటులతో వ్రాసిరి. ఆ ఫాంటు లేనిచోట అవి నేడు అర్థములేని గీతలు. తెలుగు లిపికి యూనికోడులో 1991లోనే స్థానము లభించినది. దానితో వ్రాసిన యుత్తరమునకు ఈ భయము లేదు. నకలు దాచుట యనగా అక్షరములను దాచుట మాత్రమే కాదు. మనుమలు చదువగల రూపములో దాచుట.

ఈ-మెయిలు ప్రోగ్రాములు చేయువారిని మనము కోరదగినవి నాలుగు కలవు. ఇంటనున్నది అద్దమో నకలో వారు మనకు స్పష్టముగా చెప్పవలెను. సర్వరునుండి ఒకేసారి వందల యుత్తరములు మాయమైనప్పుడు, తామును తుడుచుటకు ముందు మనలను అడుగవలెను. ఇంటి నకలును తాళముతో, అనగా రహస్యలిపిలో దాచవలెను. అప్పుడు ల్యాప్‌టాపు పోయినను ఉత్తరము పరుల కంటబడదు. నకలును ఒకే పెద్ద పెట్టెగా కాక, తెరచిన రూపములో, తేలికగా వేరొక యంత్రమునకు మార్చుకొను విధముగా నుంచవలెను. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. సామాన్య గుమాస్తా కార్బను కాగితముతో చేసిన పనిని యంత్రము చేయవలెననుటయే.

మనము చేయవలసినది అంతకన్న స్వల్పము. ఆఫీసు ఉత్తరమును ఆ వారములోనే ఫైలు కెక్కింపవలెను. స్వంత ఉత్తరములను సంవత్సరమున కొకసారి దింపి, రెండు చిన్న డిస్కులలో నకలు చేసి, ఒకటి ఇంటిలోను, ఒకటి వేరొక యూరిలోని బంధువులయొద్దను ఉంచవలెను. మనలో ప్రతివారికిని స్వగ్రామమున ఒక యన్నయో, మేనమామయో కలరు. తాపీకి వరద వచ్చినదినమున గోదావరియొడ్డున నకలుండును. గోదావరికి వచ్చినదినమున తాపీయొడ్డున నుండును. దీపావళికి పద్దుపుస్తకములకు పూజచేయు ఊరిలో నున్నాము గనుక, ఆ పండుగనాడే ఈ పని పెట్టుకొన్నచో తేదీయు మరపునకు రాదు.

మన తెలుగువారు ఈ నగరమునకు పలు త్రోవల వచ్చిరి. తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలి సోదరులు లింబాయతు ప్రాంతమున మగ్గముల చప్పుడుమధ్య మన మాటను నిలుపుకొన్నారు. వారి బిడ్డలకొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమపు పాఠశాలలను నడపుచున్నది. మనము బదిలీ యుత్తరువులతో వచ్చితిమి. మరియొక ఉత్తరువుతో పోదుము. పోవువాని వెంట సామాను పోవును గాని, అతడు చేసిన పనికి సాక్ష్యము వ్రాతలోనే మిగులవలెను. నాలుగువందల యేండ్లక్రితపు గుమాస్తా పేరు మన మెరుగము. అతడు వ్రాసిన నకలును మాత్రము నేటికిని చదువుచున్నాము. మన తరము వ్రాసినన్ని యుత్తరములు ఏ తరమును వ్రాసియుండదు. వానిలో ఒక్కటియు మిగులని తరము మనది కాకూడదు.